దూరం గదిలో మూడో వైరు

మా ఇంట్లో ఇంటర్నెట్టుకు నత్తనడక పట్టినప్పుడు నేను అందరినీ అనుమానించాను, ఒక్క మా మరదలిని తప్ప. టెలిఫోను ఆఫీసును తిట్టాను, వానను తిట్టాను, వైర్లు కొరికిందని ఇంట్లో లేని ఎలుకను కూడా తిట్టాను. మరదలి జోలికి మాత్రం పోలేదు. అది నమ్మకం అనుకునేరు, కాదు. చులకన. కంప్యూటరు మీద దుమ్ము తుడవడం తప్ప ఆ పిల్లకు ఇంకేం తెలుసులే అనుకున్నాను.

మాది తమిళనాట ధర్మపురిలో మళిగె అంగడి. బియ్యం, పప్పు, నూనె, బెల్లం అమ్ముకునేవాళ్ళం. ఎన్ని తరాల కింద ఈ ఊరు వచ్చామో మా వాళ్ళెవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. రాత కూడా అరవమే. తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నవి. నాయన పోయాక అంగడి తమ్ముడు చూసుకునేవాడు, ఇల్లు అమ్మ చూసుకునేది. తమ్ముడి పెళ్ళాం మా పక్క ఊరు ఇండూరు పిల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు, ఇద్దరు ఆడపిల్లల తల్లి. నోట్లో నాలుక లేదని అమ్మ మెచ్చి తెచ్చుకున్న కోడలు. ఇక నేను. ముప్పై నాలుగో ఏట తొప్పూరులో మొగుడిని వదిలేసి, ఒక్క పెట్టెతో పుట్టింటికి వచ్చి పడినదాన్ని.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. జీతం తెచ్చే ఆడబిడ్డ సంగతి అది. వచ్చిన మొదటి ఏడాది నేను ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ కాను. అందరికీ పోశాక గిన్నెలో కాఫీ మిగిలితే నాకు, లేకపోతే లేదు. "సుమ్మా, ఊరికే కూర్చోకపోతే ఆ కందిపప్పన్నా ఏరొచ్చు గదా" అనేది అమ్మ, కన్నతల్లి. ఆ మాట పడలేక సేలంలో ఆరు నెలలు కోర్సు చేసి ఒక పని సంపాదించాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక ఆ రోగి సంగతంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. తెల్లారేసరికి ఆ మాటలు ఫైళ్ళుగా నా కంప్యూటరుకు వచ్చేవి. హెడ్‌ఫోను తగిలించుకుని విని, టైపు చేసి, మధ్యాహ్నం రెండు లోపల తిప్పి పంపాలి. రెండు దాటితే ఆలస్యం కింద రాసుకుంటారు. నెలలో మూడు ఆలస్యాలైతే హెచ్చరిక. వరసగా మూడో నెల కూడా మూడు ఆలస్యాలైతే పని ఊడినట్టే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. ఆ ఇంట్లో నాకు వేడి కాఫీ దొరికింది ఆ పని వల్లే.

అమ్మకు దూరం పట్టింపు ఎక్కువ. నెలసరి వస్తే మూడు రోజులు పెరటివైపు గదిలో విడిగా కూర్చోవాలి. దాన్ని మేము దూరం గది అంటాం. చాప, చెంబు, కంచం అన్నీ వేరే. ఆ రోజుల్లో ఇంకెవరూ ఆ గదిలో కాలు పెట్టకూడదు, పెడితే తలస్నానం. నాలుగో రోజు తలంటుకుని ఇంట్లోకి రావాలి. నాకు పని దొరికిన మొదటి నెలలోనే దీనిమీద పేచీ వచ్చింది. మూడు రోజులు ఫైళ్ళు పంపకపోతే నన్నెవరు ఉంచుకుంటారు?

"ఉద్యోగాలకు పోయే ఆడోళ్ళంతా దూరం పాటించేది లేదా?" అంది అమ్మ.

"అయితే ఆ అమెరికా డాక్టర్లకు నువ్వే ఫోను చేసి చెప్పు, నా కూతురు దూరంగా ఉండాది, మీ రోగుల్ని మూడు దినాలు ఆగమనండి అని" అన్నాను.

వారం రోజులు ఇంట్లో యుద్ధం. చివరికి తమ్ముడు మధ్యేమార్గం చూశాడు. అంగడిలో మూలపడిన పాత కంప్యూటరును దూరం గదిలో పెట్టించాడు. మోడెం హాల్లో దేవుడి పటాల పక్కన ఉండేది. దానికి నాలుగు వైర్లు తగిలించే చోట్లున్నాయి. ఒకటి మిద్దె మీద నా గదికి, రెండోది హాల్లోనే ఉన్న తమ్ముడి కంప్యూటరుకు, మూడోది వంటింటి అటక మీదుగా దూరం గదికి. నాలుగోది ఖాళీ. దూరం గదిలో కీబోర్డుకు ప్లాస్టిక్ కవరు తొడిగాం. నాలుగో రోజు అమ్మ ఆ కవరు మీద పసుపునీళ్ళు చల్లేది. కరెంటు వస్తువు మీద నీళ్ళేంటికమ్మా అని తమ్ముడు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. ఇంకో షరతు కూడా పెట్టింది. ఆ మినహాయింపు జీతం తెచ్చే నాకొక్కదానికే. మరదలు తన మూడు రోజుల్లో ఆ మిషను ముట్టకూడదు. ముట్టే పనేముంది ఆమెకు?

రెండేళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక నెల, గాలి సోకినట్టు లైను పడిపోయింది. పది నిమిషాల్లో దిగే ఫైలు గంటకు గానీ దిగదు. టైపు చేసింది పంపుదామంటే సగంలో తెగుతుంది. మళ్ళీ మొదటినుంచి. మూడు రోజులు ఇదే తంతు, మూడు ఫైళ్ళు ఆలస్యం, మొదటి హెచ్చరిక. నాలుగో రోజు పొద్దున్నే ఏమీ ఎరగనట్టు లైను మామూలైపోయింది. ఆ మూడు రోజులే మరదలు దూరంగా కూర్చోవడంతో వంటింట్లో అమ్మకు అందివ్వడం కూడా నా నెత్తిన పడింది. పీడలన్నీ కూడబలుక్కుని వస్తాయి కాబోలు అనుకున్నానే గానీ, రెండూ ఒకటే పీడ అని నా మట్టిబుర్రకు తట్టలేదు.

రెండో నెల ఐదు రోజులు. ఈసారి నడుం బిగించాను. ఫోనుకూ నెట్టుకూ లైనును విడదీసే చిన్న డబ్బా ఉంటుంది, దాన్ని మార్చాను. ఫోనే పీకేసి చూశాను. మోడెం వేడెక్కుతోందేమోనని దేవుడి దీపం పక్కనుంచి జరిపాను. అమ్మ మళ్ళీ అక్కడికే చేర్చింది, ఆయుధపూజకు బొట్టు పెట్టిన వస్తువు కదా. టెలిఫోను ఆఫీసు నుంచి లైన్‌మ్యాన్‌ను రమ్మంటే ఆయన తీరిగ్గా ఆరో రోజు వచ్చాడు. అప్పటికి మరదలు తలంటుకుని ఇంట్లో తిరుగుతోంది, లైను గుర్రంలా పరిగెడుతోంది. "లైను బాగానే ఉందమ్మా, మీకే ఓపిక తక్కువ" అని అరవంలో అనేసి, మరదలు కలిపి ఇచ్చిన కాఫీ తాగి పోయాడు. కాఫీ బాగుందన్నాడు కూడా.

మిగిలింది తమ్ముడు.

"నీ మిషన్లో వైరస్సు ఉండాది. దాన్నుంచే ఇదంతా" అన్నాను.

"అంగడి సరుకుల పట్టీలు తప్ప దాంట్లో ఏం చూస్తానక్కా నేను?"

"ఏం చూస్తావో నాకేం తెలుసురా, మొగోడివి."

వాడి మొహం కందగడ్డయింది. అయినా వదల్లేదు. వాడి మిషనంతా తుడిచి మళ్ళీ అన్నీ ఎక్కించాను. పట్టీలు సగం పోయాయి. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల నాలుగు ఆలస్యాలు, రెండో హెచ్చరిక. ఆఫీసు నుంచి సూపర్‌వైజరమ్మ ఫోను చేసి, ఇంకో నెల ఇలాగే అయితే నా చేతుల్లో ఏమీ ఉండదు అంది. గొంతులో జాలి కూడా ఉంది. ఆ జాలికే నాకు భయం వేసింది.

ఇంట్లో ఎవరైనా లైనంతా తాగేస్తుంటే పట్టుకోవడానికి ఒకటే ఉపాయం: ఒక్కొక్క వైరు పీకి చూడడం. అది నాకు తెలియక కాదు. లైను ఈడ్చుకుంటున్న రోజుల్లోనే తమ్ముడి వైరు పీకి చూశాను, తేడా లేదు. మూడో వైరు ముట్టలేదు. మోడెం మీద మూడో దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది, నా కళ్ళతో చూశాను. వైరు ఉంది కాబట్టి మిణుకుతోందనుకున్నాను. ఛీ, నా చదువు తగలెయ్య! పోనీ ఆ గదిలో మిషను చూద్దామంటే, లైను చెడిన రోజుల్లో మరదలు లోపల దూరంగా ఉంటుంది, నేను గడప దాటకూడదు. ఆమె బయటికి వచ్చి, గది కడిగి, నేను వెళ్ళి చూసే వేళకు లైను బాగుంటుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అటక కింద తిరుగుతూ అటక మీది వైరును మర్చిపోయాను.

మూడో నెల మొదటి వారంలోనే మళ్ళీ మొదలైంది. మూడు రోజుల్లో రెండు ఆలస్యాలు. ఇంకొక్కటి అయితే నా పని సరి. నాలుగో రోజు పొద్దున ఏం చేయాలో తోచక, పాడైన రోజుల్లో ఏదైనా వరస ఉందేమో చూద్దామని నా నోటు పుస్తకంలో రాసుకున్న తేదీలు పట్టుకుని వంటింట్లో కేలెండరు దగ్గరికి పోయాను. పెన్సిలుతో గుర్తు పెట్టబోతే అక్కడ అప్పటికే గుర్తులున్నాయి. అమ్మ ఇంట్లో ఆడవాళ్ళ దూరం లెక్క కేలెండరు మీదే పెడుతుంది. నావి సున్నలు, మరదలివి అడ్డగీతలు. ఏ రోజు ఎవరి చేతి నీళ్ళు తాగొచ్చో చూసుకోవడానికి. మొదటి నెల మూడు గీతలు, రెండో నెల ఐదు, ఈ నెల ఇప్పటికి నాలుగు. నా పుస్తకంలో తేదీలూ అవే. ఒక్కటి తప్పలేదు.

హాల్లోకి పోయి మూడో వైరు పీకాను. మిద్దె ఎక్కి చూస్తే, గంట నుంచి కదలని ఫైలు కాఫీ తాగే లోపల దిగిపోయింది. కిందికి వచ్చి వైరు పెట్టాను. పైన మళ్ళీ ఆగింది. మూడుసార్లు పీకాను, మూడుసార్లు పెట్టాను. 

పెరట్లోకి పోయి దూరం గది కిటికీ తలుపు వేలితో తోశాను. మరదలు చాప మీద కాదు, నా కుర్చీలో కూర్చుని ఉంది. చెవుల్లో నా పాత హెడ్‌ఫోను. ఒళ్ళో గిన్నె నిండా మురుకులు. తెర మీద ఏదో అరవ సినిమా, హాస్యం సీను. ఆ పిల్ల కాళ్ళు పైకి ముడుచుకుని, మురుకు నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోయి నవ్వుతోంది. సద్దు లేకుండా, ఒళ్ళంతా ఊగిపోయేలా. పెళ్ళై పదేళ్ళయింది, ఆమె అలా నవ్వడం ఆ ఇంట్లో ఎవరం చూడలేదు.

తెర కింద ఇంకో చిన్న గడిలో వరసగా ఏడు సినిమాలు దిగుతున్నాయి. అది మామూలుగా దించుకునేది కాదు. దించుకుంటూనే, దించుకున్న ముక్కలను లోకంలో అడిగిన వాళ్ళందరికీ పంచిపెట్టే రకం. మా లైనులో పైకి పంపే దారి అసలే సన్నం. ఆ పంపకమే దాన్నంతా మింగేసింది. నా ఫైళ్ళు ఎందుకు తెగేవో అప్పుడర్థమైంది. ఇండూరులో ఆమె అన్నకు బ్రౌజింగ్ సెంటరు ఉండేది. పెళ్ళికి ముందు రెండేళ్ళు దాన్ని నడిపిందే ఆమె అని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళలో ఎవరమైనా అడిగితే కదా చెప్పడానికి!

కిటికీ చువ్వ మీద కొట్టాను. గిన్నె కింద పడింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"వదినా..." లేచి నిలబడింది. "మూడు నెలలు."

"ఈ నాలుగు దినాలూ నిజమేనా? పోయిన నెల ఐదు నిజమేనా?"

తల దించుకుంది. "మూడే వదినా. ఎప్పుడూ మూడే. ఇంకా నిలవలేదత్తా అంటే ఇంకో రెండు దినాలు ఎవ్వరూ పిలవరు కదా అని."

"నా పని ఊడిపోతాండాదే! నీ సినిమాలకు నా పని ఊడిపోతాండాది, తెలుసా నీకు?"

"సత్యంగా తెలీదు వదినా. నువ్వు లైను లైను అని అరస్తా ఉంటే అది వానకు అనుకున్నా. ఇప్పుడే ఆపేస్తా. ఇంక ముట్టను. అత్తకు మాత్రం చెప్పొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా." కిటికీ చువ్వల్లోంచి చేయి చాపింది, దూరం గుర్తొచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

నా కళ్ళ ముందే అన్నీ ఆపేసింది. మిషను కట్టేసింది. ఆ రోజు నా ఫైళ్ళన్నీ ఒంటిగంటకే పోయాయి. అక్కడితో కథ అయిపోవాలి. నేను మనిషినైతే అయిపోయేదే.

అమ్మ సంగతి చెప్పాలి. కోడలికి నెలనెలా దూరం రోజులు పెరుగుతున్నాయని ఆమెకు నిజంగానే దిగులు పట్టుకుంది. రెండో నెలలోనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయి మాత్రలు ఇప్పించింది. తీర్థమలై కొండ గుడికి పోయి కోడలి పేరున ధారల కింద తలస్నానం చేసి వచ్చింది. మూడో నెలా అలాగే అయ్యేసరికి డాక్టరమ్మ, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేస్తే ఏ గొడవా ఉండదు అంది. మా ఊళ్ళో ఆ రోజుల్లో అది పన్ను పీకినంత తేలికగా అనేవాళ్ళు. వారం తర్వాత అని రోజు కూడా కుదిర్చారు.

మరదలు తిన్నగా నా దగ్గరికే వచ్చింది. పొద్దున పదకొండు గంటలు, మిద్దె మీద నేను ఫైలు చేస్తున్నాను. గడప దగ్గర నిలబడింది.

"నాకేం లేదని అత్తకు నువ్వు చెప్పు వదినా. నేను చెప్తే నమ్మదు, భయపడి అంటాండావు అంటాది. నువ్వు చెప్తే వింటాది."

"ఏమని చెప్పాలి? సినిమాలు చూసేదానికి అబద్ధం ఆడినాదని చెప్పాలా?"

"అట్ల కాకుండా వేరే ఏదన్నా..."

"అబద్ధం చెప్పింది నువ్వు. నీ నోటితోనే చెప్పుకో. నాకు ఫైలుండాది." హెడ్‌ఫోను చెవులకు పెట్టేసుకున్నాను. ఆమె మెట్లు దిగిపోయేదాకా నేను టైపు చేస్తున్నట్టు నటించాను. నిజానికి ఆ ఫైలు పూర్తయి పావుగంటయింది.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ, "తీసేయిద్దామా, ఇంకో డాక్టరుకు చూపిద్దామా?" అని నన్నడిగింది. జీతం తెచ్చే కూతురిని కదా, సలహా అడిగేది. మరదలు చారు వడ్డిస్తోంది. నేను ఆమె మొహంలోకి చూస్తూనే అన్నాను: "తీసేయించమ్మా. పీడ వదులుతాది." ఆమె చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. నా కంచంలో చారు ఒలకలేదు.

ఎందుకన్నాను? లైను బాగైంది. ఆమె మాట మీద నిలబడింది. నాకింక ఆమెతో తగువే లేదు. దాచడమెందుకు, ఆ నవ్వు నాకు పడలేదు. నేను అదే గదిలో, అదే కుర్చీలో, పొత్తికడుపు పట్టుకుని ఎవరి రోగాలో టైపు చేసుకుంటూ కూర్చునేదాన్ని. ఆమెకేమో మొగుడున్నాడు, పిల్లలున్నారు, అవి చాలక అక్కడ మురుకులు తింటూ నవ్వుతుందా? కడుపు మండింది నాకు. చూద్దాం, కత్తి దగ్గరికి వచ్చేదాకా ఎంతసేపు నోరు మూసుకుంటుందో అనుకున్నాను.

ఆపరేషను రోజు ఫైళ్ళు పెందరాళే పంపేసి నేనూ నర్సింగ్ హోముకు పోయాను. పోతూ పోతూ సంచిలో నా నోటు పుస్తకం పెట్టుకున్నాను. దేనికి పెట్టుకున్నావే అని ఎవరైనా అడిగితే ఏం చెప్పేదాన్నో! మరదలికి ఆకుపచ్చ గౌను తొడిగారు. నర్సు గాజులు తీయించి, ఎవరికివ్వాలి అన్నట్టు చుట్టూ చూసి నా చేతిలో పెట్టింది. చేయి నొక్కి తీసిన గాజులు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. మరదలు నన్నే చూస్తోంది. నేను గోడకు ఉన్న బొమ్మల పటం చదువుతూ నిలబడ్డాను. తల్లిపాల గొప్పతనం గురించి.

లోపలికి తీసుకుపోయే తలుపు దగ్గర ఆమె తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"నాకేం లేదు. అబద్ధం చెప్పినాను. మూడు దినాలే నాకు. మిగతావి సుమ్మా సినిమాలు చూసేదానికి చెప్పినాను."

తమ్ముడు నవ్వాడు. భయంతో ఏదో వాగుతోందనుకున్నాడు. అమ్మ ఆమె తల నిమిరి, "ఏం కాదు, మత్తిస్తారు, తెలీదు నీకు" అంది.

"వదినను అడగండి. వదినకు తెలుసు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. బెంచీల మీద కూర్చున్న వాళ్ళు కూడా తిరిగారు. నేను సంచిలోంచి పుస్తకం తీశాను. ఏ నెల ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆమె దూరంగా కూర్చుందో, అందులో ఎన్ని నిజమో ఎన్ని అబద్ధమో, అందరూ వినేలా చదివాను. కాపలావాడు విన్నాడు, మందులు అమ్మేవాడు విన్నాడు. ఇంటి మగవాళ్ళ ముందు కూడా గొంతు తగ్గించి చెప్పుకునే మాటలు అవి. ఏ రోజు ఏ ఫైలు ఆలస్యమైందో కూడా చదివాను, ఆపమన్నవాళ్ళు లేరు కాబట్టి.

తమ్ముడు ఆమెను కొట్టాడు. ఒకటే దెబ్బ, చెంప మీద. గౌను తాళ్ళు వెనక విడిపోతే ఆమె రెండు చేతులా వాటిని పట్టుకుందే గానీ చెంప పట్టుకోలేదు.

నేను గెలిచాననుకున్నాను. అప్పుడు అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"పది దినాలుగా."

"తెలిసీ తీసేయించమన్నావా? అన్నం తింటా తింటా, నా మొహం చూసి అన్నావా ఆ మాట?" అంది అమ్మ. "నేను ఆ దేవుడి ధారల కింద నిలబడి వచ్చినాను దానికోసరం. నువ్వు కత్తి దాకా చూస్తా ఉన్నావు. నువ్వొక ఆడదానివా?"

గాజులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. మరదలు వచ్చి తీసుకుంది.

ఇంటికి రాగానే తమ్ముడు నేరుగా దూరం గదికి పోయాడు. తలస్నానం సంగతి కూడా ఎవరికీ గుర్తు రాలేదు. అటక మీదినుంచి వైరు తెంపి చుట్టచుట్టాడు. కంప్యూటరును పాత సామాన్ల వాడికి వేసేశాడు. అమ్మ హాల్లో నిలబడి తీర్పు చెప్పింది: ఆ గదిలో ఇంక ఏ మిషనూ ఉండదు, ఎవరికోసమూ. మూడు దినాలంటే చాప, చెంబు, గోడ. అంతే.

"నా పనో?" అన్నాను.

"నీకోసరం పట్టింపు వదిలిపెట్టినందుకే కదా ఇంత వచ్చింది."

తమ్ముడి దగ్గరికి పోయాను. వాడు నా మొహం చూడకుండా, "ఆ పది దినాల్లో ఒక్క మాట చెప్పుంటే వైరు ఉండేదక్కా" అన్నాడు.

ఎనిమిది రోజులకు నా వంతు వచ్చింది. ఆ నెలలో రెండు ఆలస్యాలు ముందే ఉన్నాయి కదా. బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని ఆ పని చేయకూడదు, రోగుల సంగతులు బయటపడతాయని ఆఫీసు రూలు. చెప్పకుండా దాచేద్దామా అనుకుని వంటింట్లోకి పోయాను. కేలెండరు మీద ఆ తేదీ దగ్గర అమ్మ పెన్సిలుతో ముందే చిన్న సున్న చుట్టి పెట్టింది. నా లెక్క ఎప్పుడూ తప్పదు. అమ్మ నా వైపూ కేలెండరు వైపూ చూసి, చాప తీసి పెరటి గుమ్మంలో పడేసింది.

మొదటి రోజు ఏడు ఫైళ్ళు వచ్చి ఉంటాయి. మిద్దె మీద నా మిషనులో అవి దిగి కూర్చుని ఉంటాయి, బ్రహ్మాండమైన లైను, అడ్డమే లేదు. రెండో రోజు మధ్యాహ్నం హాల్లో ఫోను మోగింది. తమ్ముడు మాట్లాడాడు. అమ్మ పెరట్లోకి వచ్చి కిటికీకి నాలుగు అడుగుల దూరంలో నిలబడి, "రావొద్దన్నారంట" అని చెప్పి లోపలికి పోయింది. మూడో రోజు నాకు వచ్చిన కాఫీ చల్లారిపోయి ఉంది. ఆ ఇంట్లో ఆ సంగతి అంత త్వరగా అమల్లోకి వస్తుందని నేను అనుకోలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం మరదలు తెచ్చింది. కంచం గడప దగ్గర పెట్టి, కర్రతో లోపలికి నెట్టింది. చెంబులోకి ఎత్తు నుంచి నీళ్ళు పోసింది, ఒక్క చుక్క బయట పడకుండా. చెంప మీద మచ్చ పోయింది. నేను తల ఎత్తలేదు. ఆమె పోకుండా అక్కడే నిలబడింది.

"రేపు లేచి చేసే పనేం లేదు కదా వదినా," అంది మెల్లగా, "ఇంకా నిలవలేదని చెప్పి నాలుగు దినాలు ఎక్కువే కూర్చో. నేను అత్తకు చెప్పనులే."